పంపే ముందు, పంపిన తర్వాత

రాసిన కథ ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉండిపోవడానికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, బాగాలేదంటారేమోనన్న భయం. రెండు, ఎక్కడికి పంపాలో, ఎలా పంపాలో తెలియకపోవడం. భయాన్ని ఎవరికి వాళ్ళే జయించుకోవాలి. రెండోదానికి మాత్రం నేర్చుకోదగిన పద్ధతి ఉంది. అది చేతికొస్తే భయం కూడా చాలావరకు సర్దుకుంటుంది. మనిషికి బెరుకు కలిగేది తెలియని గుమ్మం దగ్గరే కదా.

తెలుగులో రచయితకూ సంపాదకుడికీ మధ్య ఏజెంటు అనే మనిషి దాదాపుగా లేడు. ఇంగ్లీషు పుస్తక ప్రపంచంలో ఏజెంటు చేసే పనులన్నీ ఇక్కడ రచయితే చేసుకోవాలి. ఏ రచన ఎవరికి నప్పుతుందో చూసుకోవాలి, గడువులు గుర్తుపెట్టుకోవాలి, ఒప్పందం చదువుకోవాలి. పత్రికల్లో సాహిత్యం చూసేవాళ్ళు కూడా తరచుగా ఒకరిద్దరే. వాళ్ళకున్న కొద్ది సమయంలో మీ కథకు న్యాయం జరగాలంటే మీ వైపు పని పూర్తిగా జరిగి ఉండాలి. అందుకే ఈ అధ్యాయంలో నేను పదేపదే చెప్పబోయేది ఒకటే: రచన పంపదలచుకున్న చోటును ముందు పాఠకులుగా చదవండి. ఎక్కడికి పంపాలో తెలియడం రాయడం తెలియడంలో భాగమే.

చదివిన పత్రికకే పంపండి

ఇవాళ తెలుగు కథకు, కవితకు ఉన్న చోట్లను మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటివి దినపత్రికల ఆదివారం అనుబంధాలు, వారపత్రికలు. ఈనాడు, ఆంధ్రజ్యోతి, సాక్షి, నమస్తే తెలంగాణ ఆదివారం సంచికల్లో కథ వస్తే అది సాహిత్యం ప్రత్యేకంగా చదవని ఇళ్ళలోకి కూడా వెళుతుంది. అక్కడ పేజీలు పరిమితం. చెప్పిన పదాల సంఖ్య దాటితే కథ ఎంత బాగున్నా ఇమడదు. రెండోవి సాహిత్య మాసపత్రికలు. పాలపిట్ట, చినుకు, సాహిత్య ప్రస్థానం, అరుణతార వంటివి తక్కువ ప్రతులతోనే నడిచినా వాటి పాఠకులు శ్రద్ధగా చదివేవాళ్ళు. ఒక్కోదానికి ఒక్కో దృక్పథం ఉంటుంది. విప్లవ రచయితల సంఘం పత్రిక అయిన అరుణతారకు పంపే కథనూ, వినోదం ప్రధానమైన వారపత్రికకు పంపే కథనూ ఒకే చేత్తో ఎంచకూడదు. మూడోవి అంతర్జాల పత్రికలు. ప్రవాసాంధ్రుల చొరవతో 1998లో మొదలైన ఈమాట, అమెరికా నుంచే వచ్చే కౌముది, ఇంకా సారంగ, సంచిక, నెచ్చెలి వంటివి. వీటికి కాగితం కొరత లేదు కాబట్టి పెద్ద కథకు, దీర్ఘ కవితకు చోటు దొరికే అవకాశం ఎక్కువ. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు కూడా అదే రోజు చదువుతారు.

ఏ పత్రికకైనా పంపే ముందు ఇటీవలి సంచికలు ఐదారు దగ్గర పెట్టుకుని కూర్చోండి. కథల నిడివి ఎంత ఉంది? పాత్రలు ఎలాంటి మనుషులు? సంభాషణల్లో యాసను ఉన్నదున్నట్టు వేస్తున్నారా, సరిచేసి వేస్తున్నారా? మీరు రాసిన విషయం మీదే ఈ మధ్య కథ ఏదైనా వచ్చిందా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే, మీ కథ అక్కడ ఇముడుతుందో లేదో సంపాదకుడి కంటే ముందు మీకే తెలుస్తుంది.

అయితే చదవకుండానే ఒక అభిప్రాయానికి రావద్దు. 'జనం చదివే పత్రికలు గంభీరమైన కథ వేయవు' అన్న మాట తరచు వినిపిస్తుంది. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' అచ్చయింది 1964లో, 'యువ' మాసపత్రికలో. ఊరి అప్పు తగవును అంత నిడివిగా, అంత నిష్ఠురంగా చెప్పిన కథకు ఇంటింటా చదివే పత్రిక చోటిచ్చింది. పత్రిక స్వభావం మన ఊహలో ఒకలా, దాని పుటల్లో మరోలా ఉండవచ్చు. పుటల్నే నమ్మండి.

పాత జాబితాలను మాత్రం నమ్మకండి. 1978లో మొదలై నాలుగు దశాబ్దాలు కథకూ నవలకూ ఆసరాగా నిలిచిన విపుల, చతుర ఇప్పుడు రావడం లేదు. వాటి చిరునామాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. తాజా సంచికలో ముద్రించిన ఈమెయిల్‌కే పంపండి.

ప్రతిని సిద్ధం చేయడం

కథ పూర్తయిన రాత్రే పంపకండి. కొన్నాళ్ళు పక్కన పెట్టి, పైకి చదవండి. కంటికి కనపడని తడబాటు నాలుకకు తెలుస్తుంది. మొదటి పేజీలో సీతమ్మ అయిన మనిషి ఆరో పేజీలో సీతాలు కావడం, పొద్దున మొదలైన సంఘటనలో ఉన్నట్టుండి దీపాలు వెలగడం లాంటివి అప్పుడే బయటపడతాయి. ళ, ల, ణ, న, శ, ష, స తేడాలు, ఒత్తులు ఒకసారి ప్రత్యేకంగా చూసుకోండి. సాహిత్యం చదివే అలవాటున్న ఒకరికి చూపించి, 'బాగుందా' అని కాక 'ఎక్కడ ఆగిపోయారు' అని అడగండి. మొదటి ప్రశ్నకు మొహమాటం జవాబు చెబుతుంది, రెండోదానికి నిజం వస్తుంది.

సాంకేతిక విషయాలు చిన్నవే అయినా వాటివల్ల మంచి రచనలు పక్కకు పోతుంటాయి. యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలు పంపండి. డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లలో కొట్టించి ఉంటే, దాన్ని యూనికోడ్‌కు మార్చేటప్పుడు సంయుక్తాక్షరాలు చెదురుతాయి. మార్చాక మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చదవక తప్పదు. పత్రిక అడిగితే తప్ప పీడీఎఫ్ పంపకండి, చేతిరాత పేజీల ఫొటోలు అసలే వద్దు. ఫైలుకు కథ పేరు పెట్టండి. 'కొత్త కథ ఫైనల్' అన్న పేరుతో సంపాదకుడి దగ్గర అప్పటికే చాలా ఫైళ్ళు ఉంటాయి. మొదటి పేజీలో శీర్షిక, పదాల సంఖ్య ఉండాలి. ప్రతి పేజీకీ అంకె ఉండాలి.

యాసలో రాసేవాళ్ళకు ఒక మాట. కథలో కథకుడి గొంతు ఏ భాషలో ఉంది, పాత్రల మాట ఏ భాషలో ఉంది అన్నది మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. ఒక పేరాలో 'వస్తున్నడు' అని, తర్వాతి పేరాలో అదే గొంతుతో 'వస్తున్నాడు' అని ఉంటే, దిద్దేవాళ్ళు దాన్ని తప్పనుకుని అన్నిటినీ ఒకే తీరుకు తెస్తారు. మీరు నిలకడగా రాస్తే, అది కావాలని రాసిందని వాళ్ళకు అర్థమవుతుంది. ఉత్తరంలో ఆ మాట కూడా చెప్పండి.

ఉత్తరం, హామీ పత్రం

రచనతో పాటు వెళ్ళే ఉత్తరం పొట్టిగా ఉండాలి. కథా సారాంశం, అది రాయడానికి కలిగిన ప్రేరణ, మిత్రుల ప్రశంసలు అందులో అక్కర్లేదు. తెలుగు పత్రికలు దాదాపుగా అన్నీ హామీ అడుగుతాయి: రచన సొంతమని, అనువాదమో అనుసరణో కాదని, ఎక్కడా ప్రచురితం కాలేదని, వేరే పరిశీలనలో లేదని. దాన్ని ఉత్తరంలోనే కలపవచ్చు. నమూనాగా ఒకటి ఇస్తున్నాను:

"గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం. 'చెరువు గట్టు' అనే కథను మీ పరిశీలనకు పంపుతున్నాను. సుమారు 1,800 పదాలు. సంభాషణలు నల్లగొండ ప్రాంతపు యాసలో ఉన్నాయి. మార్చవలసి వస్తే నాకు ఒకమాట తెలియజేయగలరు. ఈ కథ నా సొంత రచన. అనువాదం గానీ అనుసరణ గానీ కాదు. అచ్చులోనూ అంతర్జాలంలోనూ ఎక్కడా రాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. నేను ఉపాధ్యాయినిని. ఇది నేను పంపుతున్న మొదటి కథ. చిరునామా, ఫోన్ నంబరు కింద ఇచ్చాను. భవదీయురాలు..."

మొదటి కథ అని చెప్పడానికి సంకోచించకండి. కొత్త గొంతు కోసం చూసే సంపాదకులు చాలామంది ఉన్నారు. కలం పేరు వాడుతుంటే అసలు పేరు కూడా ఇవ్వండి, పారితోషికం పంపడానికి అది కావాలి.

'ఎక్కడా రాలేదు' అన్న హామీని జాగ్రత్తగా అర్థం చేసుకోండి. ఫేస్‌బుక్ గోడ మీద పెట్టినా, ప్రతిలిపిలో ఉంచినా, వాట్సాప్ బృందాల్లో తిప్పినా చాలా పత్రికలు దాన్ని ప్రచురణగానే లెక్కిస్తాయి. పత్రికకు పంపాలనుకున్న రచనను ముందు అక్కడ పెట్టవద్దు. అనువాదం పంపుతుంటే మూల రచయిత లేదా హక్కుదారు అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, ఆ సంగతి ఉత్తరంలో రాయండి.

పోటీలు

తెలుగు కథకు పోటీలు చేసిన మేలు తక్కువేమీ కాదు. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో 1952లో రెండో బహుమతి పొందింది. చంద్రలత గారి 'రేగడి విత్తులు' 1997లో తానా నవలల పోటీలో బహుమతి గెలిచి పాఠకుల దృష్టిలో పడింది. ఇప్పటికీ ఉగాదికి, సంక్రాంతికి, దీపావళికి పోటీలు వస్తుంటాయి. గడువు తేదీ ఒకటి కళ్ళముందు ఉంటే అసంపూర్తిగా ఉన్న కథ పూర్తవుతుంది. అది కూడా లాభమే.

నియమాలు మాత్రం రెండుసార్లు చదవండి. చాలా పోటీల్లో కథ ఉన్న పేజీల మీద రచయిత పేరు ఉండకూడదు. వివరాలు విడిగా పంపాలి. బహుమతి రాని కథలను సాధారణ ప్రచురణకు తీసుకుంటారా, అలాగైతే ఫలితాలు వచ్చేదాకా మీరు ఆగాలా అన్నది చూసుకోండి. బహుమతి పొందిన కథ మీద హక్కు ఎవరికి ఉంటుందో, మీ సంపుటిలో వేసుకోవడానికి వీలుంటుందో లేదో చూసుకోండి. ప్రవేశ రుసుము అడిగితే ఆ సంస్థ గురించి వాకబు చేయండి. తెలుగులో పేరున్న పోటీలు సాధారణంగా రచయిత దగ్గర డబ్బు తీసుకోవు.

పోటీ కోసమని కథను మార్చి రాయకండి. న్యాయనిర్ణేతల అభిరుచిని ఊహించి రాసిన కథలో ఆ ఊహే పైకి కనిపిస్తుంది.

ఎదురుచూపు, తిరస్కారం

పంపిన ప్రతి రచనకూ ఒక వరస రాసుకోండి: పేరు, పదాలు, ఎక్కడికి, ఏ తేదీన, జవాబు, తర్వాత ఎక్కడికి. చివరి గడి పంపిన రోజే నింపండి. తిరిగొచ్చిన రోజున మనసు బాగుండదు, ఆలోచన సాగదు. నిర్ణయం ముందే జరిగి ఉంటే చేయి ఆడుతుంది.

ఒకే రచనను రెండు పత్రికలకు ఒకేసారి పంపడం తెలుగులో తప్పుగానే చూస్తారు. రెండు చోట్లా అచ్చయితే ఇద్దరు సంపాదకుల నమ్మకమూ పోతుంది. కానీ ఏడాదిపాటు మౌనంగా ఎదురుచూడవలసిన బాధ్యత కూడా మీకు లేదు. పత్రిక గడువు చెప్పి ఉంటే అప్పటిదాకా ఆగండి. చెప్పకపోతే మూడు నెలల తర్వాత మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. ఇంకొక నెలకూ జవాబు రాకపోతే, 'ఈ కథను మీ పరిశీలన నుంచి ఉపసంహరించుకుంటున్నాను' అని తెలియజేసి మరోచోటికి పంపండి. ఈ ఒక్క వాక్యం మీ హామీని నిజం చేస్తుంది, మీ కథకు స్వేచ్ఛనిస్తుంది.

తిరస్కారాలన్నీ ఒకటి కావు. మౌనం వల్ల మీకు తెలిసేది ఏమీ లేదు, దానికి అర్థాలు వెతకవద్దు. 'ప్రచురించలేకపోతున్నాం' అన్న ముద్రిత వాక్యం ఆ కథ ఆ పత్రికలో ఆ సమయానికి ఇమడలేదని మాత్రమే చెబుతుంది. 'ముగింపు తొందరపడింది', 'తల్లి పాత్ర తేలిపోయింది' అని సంపాదకుడు ప్రత్యేకంగా రాస్తే అది విలువైన కానుక. తీరిక లేని మనిషి మీ కథ కోసం సమయం ఇచ్చారు. వెంటనే వాదించకుండా వారం ఆగి, కథను ఆ మాటతో మళ్ళీ చదవండి. ఒప్పుకుంటే దిద్ది పంపండి. ఒప్పుకోకపోతే కృతజ్ఞతలు చెప్పి, మరో పత్రికకు పంపండి. ప్రచురణకు ముందు సమీక్షించి మార్పులు సూచించే అలవాటున్న ఈమాట లాంటి చోట్ల ఆ సంభాషణే ఒక చదువు.

పుస్తకం దాకా

కథలు పత్రికల్లో కొన్ని వచ్చాక సంపుటి గురించి ఆలోచించడం మంచిది. పత్రికలో వచ్చిన కథకు ఒక జీవితం మొదలవుతుంది. కథాసాహితి 1990 నుంచి తెస్తున్న 'కథ' సంకలనాలు ఏడాది పొడవునా పత్రికల్లో వచ్చిన వాటి నుంచి ఎంచినవే. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం పాత పత్రికల్లోని కథలను పదిలపరిచింది. వాటిలో వేలాది కథలను వెబ్‌సైటులోనే చదువుకోవచ్చు. మీకు ముందు రాసినవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టారో తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ప్రచురణకర్తను ఎంచుకోవడంలోనూ సూత్రం అదే: వాళ్ళ పుస్తకాలు చదివి పంపండి. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్‌కు అనువాదాల్లో, సామాజిక రచనల్లో పేరుంది. ఎమెస్కో, విశాలాంధ్రలకు దశాబ్దాల చరిత్ర ఉంది. అన్వీక్షికి, ఛాయ వంటివి కొత్త తరం కథలనూ నవలలనూ తెస్తున్నాయి. కథల సంపుటి అయితే కథల జాబితా, ప్రతి కథా ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందీ, మీరు బలమైనవనుకున్న రెండు మూడు కథలు పంపండి. నవల అయితే ఒక పేజీ సారాంశం, మొదటి మూడు అధ్యాయాలు, మీ గురించి నాలుగు వాక్యాలు. సారాంశంలో ముగింపు దాచవద్దు. ప్రచురణకర్తకు కథ మొత్తం తెలియాలి.

తెలుగులో చాలా పుస్తకాలు రచయిత సొంత ఖర్చుతోనే వస్తాయి. అది చిన్నతనం కాదు. కానీ ఎవరు పెట్టుబడి పెడుతున్నారో మొదటి రోజే స్పష్టం చేసుకోండి. ఎన్ని ప్రతులు, వెల ఎంత, నాకు ఎన్ని ఉచిత ప్రతులు, రాయల్టీ ఎంత శాతం, లెక్క ఎప్పుడు చెబుతారు, దుకాణాలకు ఎవరు చేరుస్తారు? ఈ ఆరు ప్రశ్నలు అడిగితే మంచి ప్రచురణకర్త నొచ్చుకోరు. ఐఎస్‌బీఎన్ అనే 13 అంకెల సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. దాని పేరుతో విడిగా డబ్బు అడిగితే ఎందుకని అడగండి.

సొంతంగా వేసుకుంటే ప్రూఫులు కనీసం రెండుసార్లు, రెండోసారి వేరే కళ్ళతో చూపించండి. వెయ్యి ప్రతులు వేసి అటకెక్కించే రోజులు పోయాయి. అవసరమైనన్ని మాత్రమే వేసుకునే డిజిటల్ ముద్రణ ఇప్పుడు అందుబాటులో ఉంది. ముందుమాట అడిగేవారికి మొత్తం రాతప్రతి ఇచ్చి, చదవడానికి తగినంత వ్యవధి ఇవ్వండి. జనవరిలో విజయవాడ, సాధారణంగా డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి. పుస్తకం ఆ రోజులకు చేతికొస్తే పాఠకులను నేరుగా కలుసుకోవచ్చు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించినవారు 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలి. ప్రచురణకర్త మీరే అయితే ఆ బాధ్యతా మీదే.

హక్కులు

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన పుట్టిన క్షణం నుంచే హక్కు మీది. నమోదు చేసుకోవడం తప్పనిసరి కాదు. ఆ హక్కు మీ జీవితకాలమూ, తర్వాత మరో 60 ఏళ్ళూ ఉంటుంది. దాన్ని ఎవరికైనా బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతో జరగాలి. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా చట్టం లెక్కిస్తుంది. అందుకే ఈ రెండు గళ్ళూ ఖాళీగా వదలవద్దు. అచ్చు పుస్తకం, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా వేర్వేరు హక్కులు. 'సర్వహక్కులూ' అన్న మాట కనిపిస్తే సంతకం చేసే ముందు ఆగి, ఏవేవి ఇస్తున్నారో విడివిడిగా రాయించుకోండి.

ఈ నెలలో చేయవలసిన పనులు

1. మీ దగ్గరున్న రచనల్లో పూర్తయినవి ఏవో, కానివి ఏవో జాబితా రాయండి. పూర్తయినవాటిలో ఒక్కదాన్ని ఎంచుకోండి.

2. దానికి నప్పవచ్చనిపించే మూడు పత్రికలు గుర్తించి, ఒక్కోదాని ఇటీవలి సంచికలు చదవండి. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.

3. రచనను పైకి చదివి, ఒకరికి చూపించి, యూనికోడ్ ప్రతి సిద్ధం చేయండి.

4. ఉత్తరం రాసి మొదటి పత్రికకు పంపండి. అదే రోజు మీ వరసలో రెండో పత్రిక పేరు రాయండి.

5. ఆ మూడింటిలో అచ్చులో వచ్చేదానికి ఒకదానికైనా చందా కట్టండి. అంతర్జాల పత్రిక అయితే నచ్చిన కథ కింద రెండు వాక్యాలు రాయండి.

ఐదోదాన్ని చాలామంది వదిలేస్తారు, మిగతా నాలుగింటికీ ఆధారం అదే. రాసేవాళ్ళు వేలల్లో ఉండి, చందాదారులు వందల్లో ఉంటే ఏ సాహిత్య పత్రికా ఎక్కువ కాలం నిలవదు. మన కథకు చోటివ్వమని అడిగే ముందు, ఆ చోటు నిలబడటంలో మన వంతు మనం మోయాలి. ఇతరుల కథలను ఆ శ్రద్ధతో చదివినవాళ్ళకు తమ కథ ఎక్కడికి చేరాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.